నూట అయిదు అని అచ్చేసిన జెట్

"ఎంతిస్తది?"

మా నగరంలో బండి గురించి మొదట అడిగే మాట ఇది. చాలామందికి ఆఖరి మాట కూడా ఇదే. బ్రేకులు పడతాయా, టైర్లు అరిగాయా, ముందు చక్రం వంకర తిరుగుతోందా అని ఎవరూ అడగరు. లీటరుకి ఎంతిస్తుంది? గేదెను కొనేవాడు సైతం పాల సంగతి అడిగే ముందు దాని పళ్ళు ఒకసారి చూస్తాడు. బండిని కొనేవాడు ఆ పాటి మర్యాద కూడా చూపించడు. తొంభైల్లో కార్వాన్‌లోని ఒక రేకుల షెడ్డులో మెకానిక్‌గా మూడేళ్ళు పనిచేశాను. ఆ ప్రశ్న రోజుకి ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఇప్పటికీ ఎవరైనా ఆ మాట అంటే నా మూతి దానంతటదే వంకర పోతుంది.

ఈ మైలేజ్ పిచ్చి ఎంతదూరం పోయిందో చెప్పాలంటే ముందు జెట్ గురించి చెప్పాలి. కార్బురేటర్ అడుగున ఉన్న గిన్నెలో శనగగింజంత ఇత్తడి మర ఒకటి ఉంటుంది. దాని నడుమ సన్నటి బెజ్జం. పెట్రోలు ఆ బెజ్జంలోంచే లేచి, గాలితో కలిసి ఇంజన్‌లోకి పోతుంది. నెత్తిన ఒక నంబర్ అచ్చేసి ఉంటుంది: తొంభై, తొంభై అయిదు, నూరు. నంబర్ పెరిగితే బెజ్జం పెరుగుతుంది, పెట్రోలు పెరుగుతుంది. ఇంతే శాస్త్రం. కంపెనీవాడు ఆలోచించి, కొలిచి, అచ్చేసి పంపిన ఆ బెజ్జాన్ని మావాళ్ళు టంకం పోసి పూడ్చేవాళ్ళు. పూడ్చి, సూదితో మళ్ళీ సన్నగా పొడిచేవాళ్ళు. దానికి 'మైలేజ్ జెట్' అని పేరు. ఇంకొందరు స్పీడు కావాలని అదే బెజ్జంలో సైకిల్ పుల్ల అరగదీసి దూర్చి వెడల్పు చేసేవాళ్ళు. ఇద్దరూ కలిసి నగరంలోని జెట్లన్నిటినీ అబద్ధాలకోర్లుగా మార్చారు. తొంభై అని రాసి ఉంటుంది, లోపల నూట పది ఉంటుంది. నూరని రాసి ఉంటుంది, లోపల ఎనభై కూడా ఉండదు.

టూ-స్ట్రోక్ బండికి ఇది ఆటకాదు. ఆ ఇంజన్‌కి నూనె వేరే ఉండదు. రేసు బండికైతే పెట్రోల్లోనే టూటీ ఆయిల్ కలిపి పోస్తారు. పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుంది, నూనె కూడా తగ్గుతుంది. అలా కొంతసేపు పోతే పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టేస్తుంది. వెనక చక్రం ఉన్నపళంగా నిలబడిపోతుంది. మీద ఉన్నవాడు మాత్రం నిలబడడు.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చిన గుమాస్తా. ఏదో సర్కారు ఆఫీసులో ఫైళ్ళు కట్టేవాడు. మొఘల్‌పురాలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. నాకు మెకానికల్ డిప్లొమా ఉంది, ఉద్యోగం లేదు. 'ఏదైనా దొరికేదాకా' అని షెడ్డులో చేరాను. మూడేళ్ళూ మా ఇంట్లో ఆ మాటే చెప్పుకున్నారు. నాన్న తన ఆఫీసువాళ్ళకి నా గురించి 'ట్రైనింగ్‌లో ఉన్నాడు' అని చెప్పేవాడు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ షెడ్డుకి నేను ఉపకారం చేస్తున్నానని మనసారా నమ్మాను. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు కదా, ఆ విస్తరిని నేను.

షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. నలభై ఏళ్ళ మనిషి. కార్వాన్‌లోనే పుట్టి పెరిగినవాడు. పొట్ట చింపితే అక్షరం ముక్క లేదు. అంకెలు కూడా నోట్ల మీద ఉన్నంతవరకే వచ్చు. పాత తమలపాకుల డబ్బా ఒకటి ఉండేది ఆయన దగ్గర, అందులో నలభై యాభై జెట్లు ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి. అన్నీ గురువారం జుమ్మెరాత్ బజార్‌లో ఇనుప సామాను కుప్పల్లోంచి ఏరుకొచ్చినవి. షెడ్డు గోడకి ఒక మేకు, దానికి గోనెసంచులు కుట్టే దబ్బనం వేలాడేది. ఆ దబ్బనం మీద, మొన నుంచి పైకి, రేతితో, అంటే ఆకురాయితో, నాలుగు గీతలు గీసుకున్నాడు. కొత్తగా తెచ్చిన ప్రతి జెట్‌నీ బోర్లించి, అందులోకి దబ్బనం మొన వదిలేవాడు. మొదటి గీత దాకా దిగితే ఆ జెట్ అంచున ఒక గాటు పెట్టేవాడు. రెండో గీత దాకా దిగితే రెండు గాట్లు. అలా నాలుగు దాకా. గాట్లు ఎన్ని ఎక్కువైతే బెజ్జం అంత పెద్దదన్నట్టు. నెత్తిన ఏ నంబర్ ఉందో తిప్పి కూడా చూసేవాడు కాదు.

"నంబర్ ఉంది కదా ఉస్తాద్, మళ్ళీ ఈ గాట్లెందుకు?" అని అడిగాను చేరిన కొత్తలో.

"నంబర్ ఎవడో కొట్టిండు, బెజ్జం ఇంకెవడో పొడిషిండు. నేను ఎవని మాట నమ్మాలె ఇంజనీర్ సాబ్?" అన్నాడు.

చదువురానివాడు చదువు మీద కసి ఇలా తీర్చుకుంటాడని అనుకున్నాను. పైకి నవ్వాను.

ప్లగ్ చూడటం ఇంకో తంతు. బండికి జెట్ మార్చాక ఊరికే ఇవ్వడు. పురానాపూల్ అవతల మూసీ ఒడ్డున ఖాళీ జాగాలోకి తీసుకుపోతాడు. బండిని పూర్తిగా పిండుకుంటూ వచ్చి, ఒక్కసారిగా క్లచ్ నొక్కి, ఇంజన్ అక్కడికక్కడే ఆపేయాలి. అప్పుడు వేడివేడిగా ప్లగ్ విప్పి మొన చూస్తాడు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లబడితే చాలనట్టు.

"చాయ్ రంగు రావాలె" అనేవాడు.

"ఎవరి చాయ్? ఇరానీ హోటల్‌దా, మా అమ్మ పెట్టేదా?" అని నేను ఎత్తిపొడిచాను.

"మీ అమ్మ పెట్టేదాంట్ల పాలెక్కువ ఉంటయి. గా రంగొస్తె ఇంజన్ ఖతం" అన్నాడు, చాలా గంభీరంగా. ఆయన మా ఇంటికి ఒక్కసారే వచ్చాడు, ఒక్క కప్పే తాగాడు. ఇంజన్‌కి కావలసిన కొలత అందులోంచి కూడా తీసుకున్నాడు. నాకది అప్పుడు ఒట్టి మొరటుతనంగా కనిపించింది. పుస్తకంలో గాలికీ పెట్రోలుకీ నిష్పత్తి ఉంది, పట్టిక ఉంది. ఈయన చాయ్ అంటాడు.

చలికాలం వస్తే ఒక గాటు ఎక్కువున్న జెట్ పెట్టేవాడు. "చలిల బండికి ఆకలెక్కువ" అనేవాడు. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, దానికి తగినంత పెట్రోలు కావాలి. పుస్తకం చెప్పేది కూడా అదే. అయినా పుస్తకం చెబితే విజ్ఞానం, ఉస్తాద్ చెబితే అమ్మమ్మ కబురు అన్నట్టు వినేవాణ్ణి.

ఉస్తాద్‌కి ఒక తమ్ముడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. లాడ్ బజార్‌లో లక్కగాజుల కార్ఖానాలో పని. నేను మొఘల్‌పురా నుంచి సైకిల్ మీద కార్వాన్ వచ్చే దారి అదే కాబట్టి అప్పుడప్పుడు ఆగి చూసేవాణ్ణి. నిప్పుల మీద లక్క వేడి చేసి, కడ్డీలా సాగదీసి, గాజు చుట్టి, అది మెత్తగా ఉండగానే ఆవగింజల్లాంటి రాళ్ళు ఒక్కొక్కటే అద్దాలి. ఎడమచేత్తో గాజు పట్టుకుని, కుడి మణికట్టు సన్నగా తిప్పుతూ వరస పేర్చేవాడు. ఆ వరసలో రాయి పక్కకు ఒరగడం నేను చూడలేదు. సేట్ అతని చేతికోసమే పని ఇచ్చేవాడు, పెళ్ళికూతుళ్ళ జోళ్ళన్నీ అతనికే వచ్చేవి. ఆ మణికట్టే ఆ ఇంటి కూడు. అతనికి భార్య, ఇద్దరు పిల్లలు. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. ఎందుకంటే ప్రతి ఆదివారం అతను ఆ మణికట్టును తీసుకుపోయి మట్టి రేసులో పెట్టేవాడు.

కార్ఖానాలో ఒకసారి, "ఈ గాజు సైజు నంబర్ ఎక్కడ రాస్తారు భాయ్?" అని అడిగాను.

"కాగితం మీద రాస్తం, దో-చార్, దో-ఛే అని. నంబర్ గిరాకీ కోసం" అన్నాడు. "లక్క వేడిమీద ఓ తీరుంటది, సల్లబడ్డంక ఓ తీరుంటది. చేతికెక్కిస్తెనే తెలుస్తది."

అన్నా తమ్ముడూ ఇద్దరూ ఒకే బాపతు, కొలత అంటే గిట్టదు వీళ్ళకి అనుకుంటూ సైకిలెక్కాను.

రేసు నగరం బయట, కంకర క్రషర్ల అవతల బంజరు నేలలో జరిగేది. మట్టి కట్టలు, గుంతలు, ఒక పొడవాటి తిన్నని దారి. ఎవరో క్లబ్బువాళ్ళు సున్నం గీతలు గీసి నడిపించేవాళ్ళు. తమ్ముడిది నూరు సీసీ పాత బండి. మడ్‌గార్డులు పీకేసి, గుబ్బల టైర్లు వేసి, సైలెన్సర్ పైకి ఎత్తి కట్టిన బండి. దానికి పోటీగా వచ్చేవాళ్ళు నగరం అవతలి కొండల మీద బంగళాలవాళ్ళ కొడుకులు. విదేశీ బండ్లు ట్రాలీల మీద వచ్చేవి. డ్రైవర్ దించేవాడు, ఇంకొకడు తుడిచేవాడు, కొడుకుగారు చేతితొడుగులు వేసుకునేవాడు. ఆ బండ్లు సగం రోజులు స్టార్టే అయ్యేవి కావు. స్టార్ట్ అయినా తెల్ల పొగ కక్కుతూ మొదటి మట్టికట్ట దగ్గర దగ్గేవి. వాళ్ళు ఇంగ్లీషులో పుస్తకం తెరిచి, ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకుంటూ ఉండగానే మా పాత బండి రెండు చుట్లు తిరిగి వచ్చేది. అంత వస్తువు చేతికొచ్చినా దానికి ఏం కావాలో తెలుసుకోలేని ఆ పిల్లల్ని చూస్తే నాకు అసహ్యం వేసేది.

అసహ్యం వేసింది కానీ వాళ్ళ పెట్టె మాత్రం నచ్చింది. ప్లాస్టిక్ పెట్టె, లోపల గళ్ళు, గడికో జెట్, జెట్ కింద అచ్చులో నంబర్ చీటీ. నా డిప్లొమాకి తగ్గ వస్తువు అది. మా షెడ్డులో తమలపాకుల డబ్బా. ఆ పెట్టెలోని జెట్లు కంపెనీ నుంచి తిన్నగా ఆ పెట్టెలోకే వచ్చాయని, మావి పదిమంది చేతుల్లో పొడుచుకుని, పూడ్చుకుని, చెత్తకుప్పలోంచి వచ్చాయని నా బుర్రకి తట్టలేదు. వాళ్ళని చూసి నవ్వి, వాళ్ళలాగే అవుదామనుకున్నాను.

ఆ ఏడాది చలికాలంలో ఉస్తాద్‌కి టైఫాయిడ్ వచ్చింది. మంచం దిగలేకపోయాడు. షెడ్డు నా చేతికి ఇస్తూ ఒకే మాట చెప్పాడు. "అన్నీ చెయ్యి. డబ్బల మాత్రం చెయ్యి పెట్టకు."

నేను మూడోనాడే పెట్టాను. ఫ్యాన్సీ షాపులో బొట్టుబిళ్ళలు పెట్టుకునే గళ్ళ డబ్బా ఒకటి కొన్నాను. జెట్లన్నీ పెట్రోల్లో నానబోశాను. మురికి పోవాలని ఎమరీ కాగితం మీద ఒక్కొక్కటే గుండ్రంగా తిప్పుతూ అంచులు రుద్దాను. ఇత్తడి బంగారంలా మెరిసింది. ఆ గాట్లు లోతైనవి కావు, రెండు మూడు రుద్దులకే పోయాయి. పోతున్నాయని నేను చూడలేదని కాదు. చూశాను. పీడా పోయిందనుకున్నాను. తర్వాత నంబర్ల ప్రకారం గళ్ళలో సర్ది, గడికో చీటీ అంటించాను, నా మంచి దస్తూరీలో. సాయంత్రం దాకా ఆ డబ్బాని తెరవడం, మూయడం చేశాను. మళ్ళీ ఉస్తాద్ వచ్చి చూస్తే ఏమంటాడో కూడా ఊహించుకున్నాను. ఊహలో ఆయన నన్ను మెచ్చుకున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం తమ్ముడు బండి నెట్టుకుంటూ వచ్చాడు. మర్నాడు పొద్దున్నే రేసు.

"అన్నకు జెరం తగ్గలే. చలి జెట్ పెట్టియ్యమన్నడు. నాలుగు గాట్లది" అన్నాడు.

నాలుగు గాట్లది. చేతిలో పని ఆగిపోయింది. ఒక్క క్షణం నిజం నాలుక చివరిదాకా వచ్చింది. గాట్లు లేవు భాయ్, నేనే రుద్దేశాను అనాలి. అదీ కాకపోతే గోడకి దబ్బనం ఉంది. నలభై జెట్లూ పావుగంటలో కొలవొచ్చు. కానీ దబ్బనం చేతిలోకి తీసుకుంటే ఉస్తాద్ చెప్పింది రైటని ఒప్పుకున్నట్టే కదా. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"తెలుసులే భాయ్" అన్నాను.

అతను చాయ్‌కని ఎదురు హోటల్‌కి పోయాక గళ్ళ డబ్బా తెరిచాను. బండిలో ఉన్న పాతదాని నెత్తిన తొంభై అయిదు అని ఉంది. చలికి పెంచాలి. పుస్తకం ప్రకారమైతే ఒక మెట్టు చాలు. దేనికైనా మంచిదని రెండు మెట్లు ఎక్కాను. నూట అయిదు అని అచ్చేసిన జెట్ తీశాను. ఎక్కువ పెట్రోలుతో ఏ ఇంజనూ చావదు, మహా అయితే పొగ తాగి బద్ధకిస్తుంది. అంత జాగ్రత్త చూపించాను. నా జాగ్రత్త చూసి నాకే ముచ్చటేసింది. బిగించి ఇచ్చాను.

అతను షెడ్డు ముందు రోడ్డు మీద ఆ చివరికీ ఈ చివరికీ రెండుసార్లు తోలాడు. బండి గొంతే మారిపోయింది. పొగ లేదు, గొణుగుడు లేదు. చెయ్యి తిప్పీ తిప్పకముందే ఎగిరి పడుతోంది.

"అరె, మస్తు ఉరుకుతుందిర భాయ్! అన్న పెట్టినప్పుడు గిట్ల ఎప్పుడు ఉరకలే!" అన్నాడు.

చలికి జెట్ పెంచిన బండి మొదట కొంచెం గొణగాలి. పొగ రావాలి. అది పుస్తకంలోనూ ఉంది, ఉస్తాద్ కూడా ఎన్నోసార్లు అన్నాడు: "సతాయించే బండిని నమ్ము, ఉరికే బండిని నమ్మకు." పెట్రోలు తక్కువైన ఇంజన్ పట్టేసే ముందు అన్నిటికంటే బాగా పరిగెడుతుంది. అది నాకు తెలుసు. పరీక్షలో అడిగితే రాసేవాణ్ణి. కానీ అప్పుడు నా చెవుల్లోకి వెళ్ళింది 'అన్న పెట్టినప్పుడు ఎప్పుడు ఉరకలే' అన్న ముక్క మాత్రమే. మూసీ ఒడ్డుకి తీసుకెళ్ళలేదు. ప్లగ్ విప్పలేదు. చాయ్ రంగు చూడటానికి నేను హోటల్ సర్వర్‌నా?

పొద్దున నేనూ వెళ్ళాను. నోట్లోంచి ఆవిరి వస్తోంది. మొదటి చుట్టు అతనే ముందు. రెండో చుట్టులో విదేశీ బండ్లను కనుచూపు మేరలో లేకుండా వదిలేశాడు. నేను ఆ కొడుకుల మెకానిక్ పక్కన నిలబడి, అతనికి వినపడేలా, "జెట్టింగ్ చేసింది నేనే" అన్నాను. ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను. మూడో చుట్టులో ఆ పొడవాటి తిన్నని దారిలో బండి సన్నగా కీచుమంది. వెనక చక్రం ఆగిపోయి మట్టిలో గీత గీసింది. అతను హ్యాండిల్ మీదుగా ఎగిరి కుడిచెయ్యి చాపి నేలమీద పడ్డాడు.

ఎవరైనా పడేటప్పుడు చెయ్యే చాపుతారు. అతను లేచి కూర్చుని ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు. మణికట్టు దగ్గర చెయ్యి ఇంకో దిక్కుకి తిరిగి ఉంది. అరవలేదు. "భాయ్, గిది తిరుగుతలేదు" అన్నాడు నాతో, నేను సరిచేసి ఇస్తానన్నట్టు.

ఆసుపత్రిలో చేర్చాక బండి షెడ్డుకి వచ్చింది. సాయంత్రం ఉస్తాద్ వచ్చాడు, దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుంటూ. కార్బురేటర్ విప్పి జెట్ తీశాడు. మేకు నుంచి దబ్బనం తీసుకుని మొన అందులోకి వదిలాడు. మొదటి గీత కూడా లోపలికి పోలేదు. ఎవడో మైలేజ్ మారాజు టంకం పోసి పూడ్చి, సూదితో పొడిచిన జెట్ అది. నేను దాన్ని బంగారంలా తోమాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. అప్పుడు నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నంబర్ నూట అయిదే కదా ఉస్తాద్" అన్నాను.

ఆయన జెట్‌ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆసుపత్రిలో తమ్ముడు మత్తు దిగి కళ్ళు తెరిచి మొదట అడిగింది అదే. "ఏ జెట్ పెట్టిండ్రు అన్నా? నాలుగు గాట్లదేనా?" పక్కన అతని భార్య ఉంది. సేట్ పంపిన మనిషి కూడా ఉన్నాడు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. ఇప్పుడు నా పేరు వస్తుందని గోడకి అతుక్కుపోయాను.

"నేనే తీసిచ్చిన తమ్మీ," అన్నాడు ఉస్తాద్. "శుక్కురారం పొద్దుగాల షెడ్డుకు పోయి తీసి పక్కన పెట్టిన, ఇంజనీర్ సాబ్ గదే బిగిచ్చిండు. జెరంల కండ్లు మసకలయి అందాజ తప్పింది."

మంచం దిగని మనిషి శుక్రవారం షెడ్డుకి ఎలా వచ్చాడని ఎవరూ అడగలేదు. తమ్ముడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆయన ఎందుకలా అన్నాడో బయటికొచ్చాక అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది. ఆయనే అన్నాడు, రిక్షా కోసం చూస్తూ. "దుకాన్ల పెట్టిన జెట్ ఉస్తాద్ పెట్టినట్టే. నీ పేరు చెప్తె ఈ కార్వాన్‌ల నీకు పంచర్ పని కూడ ఇయ్యరు." అంతే. దానికి నేనేమనుకున్నానో చెప్తే మీరు నమ్మరు. షెడ్డు పరువు కాపాడుకుంటున్నాడు, అనుకున్నాను. నా కోసం అబద్ధమాడిన మనిషిని ఆ క్షణాన కూడా చిన్నచూపే చూశాను. అలాంటి మనసు ఉంది నాకు.

మర్నాడు గళ్ళ డబ్బాని నా ముందు బోర్లించాడు. "దబ్బనం తీస్కో" అన్నాడు. నలభై ఏడు జెట్లు. ఒక్కొక్కటే కొలిచి, రేతితో గాట్లు పెట్టాను. నా చీటీలు చెప్పిన నంబర్‌కీ దబ్బనం చెప్పినదానికీ సరిపోయినవి తొమ్మిది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూశాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే దాన్ని పట్టుకుని ఆయన్ని ద్వేషించి హాయిగా బతికేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

తమ్ముడి మణికట్టులో స్టీలు ప్లేట్లు వేశారు. ఎముక అతుక్కుంది కానీ మణికట్టు మునుపటిలా తిరగలేదు. వేళ్ళు ఆడతాయి, మణికట్టు ఆడదు. లక్క మెత్తగా ఉండే ఆ కాసేపట్లో రాయి అద్దాలంటే మణికట్టు తిరగాలి. రెండు నెలలు ప్రయత్నించాడు. వరసలు వంకర పోయాయి. సేట్ దయగలవాడు, కార్ఖానాలోంచి లేపి దుకాణంలో అమ్మడానికి కూర్చోబెట్టాడు. అన్నతో మాటలు మానేశాడు. షెడ్డు ఉన్న గల్లీలోకి రావడం కూడా మానేశాడు.

మరుసటి ఏడు నాకు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగం దొరికింది. నాన్న మిఠాయి పంచాడు. నీలం కోటు, జేబు మీద బొమ్మ. కొత్త జెట్లు ప్లాస్టిక్ సంచుల్లో వచ్చేవి, నంబర్లు నిజమే చెప్పేవి. నాలాంటి సన్నాసులు కూడా తప్పు చేయలేని చోటు అది. రెండువేలు దాటాక టూ-స్ట్రోక్ బండ్లు కరిగిపోయాయి. అందరూ ఫోర్-స్ట్రోక్‌లకి మారారు, మారి మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. ఉస్తాద్ షెడ్డు మూసేశాడు. కొన్నాళ్ళకి పోయాడని తెలిసి వెళ్ళాను. తమ్ముడు రాలేదు. గల్లీ మొదట్లో నాలుగైదుసార్లు తిరిగి చూశాను వస్తాడేమోనని. వస్తే చెప్పేద్దామనుకున్నాను. రాలేదు కాబట్టి నాకు మంచిదైంది, అని కూడా అనుకున్నాను. ఆ రెండూ ఒకే నిమిషంలో అనుకున్నాను.

తర్వాత రెండేళ్ళకి మా ఆవిడ చెల్లెలి పెళ్ళికని లక్కగాజులు తెమ్మంది. ఇంకో దుకాణానికి పోవచ్చు. లాడ్ బజార్‌లో దుకాణాలకి కరువా? కాళ్ళు అక్కడికే పోయాయి. నన్ను చూసి అతను మొహమంతా నవ్వాడు.

"ఇంజనీర్ సాబ్! ఎన్నొద్దులకు! కూసో, చాయ్ తాగు."

జుట్టు సగం నెరిసింది. గాజుల జోళ్ళు ఎడమచేత్తో తీసి చూపిస్తున్నాడు. కుడిచెయ్యి కౌంటర్ మీద, మడత పెట్టిన గుడ్డ మీద ఆనించి ఉంది. చాయ్ వచ్చింది. వాళ్ళ పిల్లల సంగతి, మా పిల్లల సంగతి అయ్యాయి. నేను అన్న పోయిన సంగతి ఎత్తాను. ఎందుకెత్తానో తెలుసు, అక్కణ్ణించి అసలు మాటకి రావాలని.

అతను గ్లాసు పక్కన పెట్టాడు. "పోయిండు. నేను పోలే. అందరు తిట్టిండ్రు. ఏం జెయ్యాలె చెప్పు భాయ్? పొద్దుగాల లేసి గీ చెయ్యి సూస్తె ఆయననే యాదికొస్తడు." కుడిచెయ్యిని గుడ్డ మీద సర్దుకున్నాడు. "సదువు రానోడు. అందాజ మీద బతికిండు. నువ్వు సదువుకున్నోనివి. ఆ దినం జెట్ నువ్వు తీసి పెట్టి ఉంటె, నా చెయ్యి నాకుంటుండె."

బజారు చప్పుడంతా చెవుల్లో పడుతోంది. ఎవరో గాజులు గలగలలాడిస్తున్నారు. ఇంతకంటే మంచి సందు ఆ దేవుడు కూడా ఇవ్వలేడు. ఒక్క వాక్యం. చనిపోయిన మనిషికి తమ్ముణ్ణి తిరిగి ఇచ్చే వాక్యం. నోరు తెరిచాను.

"ఏం సైజు కావాలె?" అన్నాడతను.

"దో-ఛే" అన్నాను.

అతను ఒక జత తీసి, నంబర్ చీటీ వైపు చూడకుండా, ఎడమచేతి వేళ్ళు గాజు లోపల పెట్టి విప్పి చూశాడు. తల అడ్డంగా ఊపి ఇంకో జత తీశాడు. వేళ్ళు పెట్టి చూసి, కాగితంలో చుట్టి, నా చేతికిచ్చాడు.

"నంబర్ మీద పోకు భాయ్," అన్నాడు. "చేతికెక్కించి సూడమను. పట్టకపోతె వాపస్ తీస్కరా, నేను ఈడనె ఉంట."